మంచం తిరగని మెట్లు

భానుప్రసాద్ బాన్సువాడలో ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఊళ్లో కొత్త ఇళ్లలో సగం ఒకే పోలికతో ఉంటాయని జనం అంటారు. నిజమే, ఒకే మనిషి గీశాడు మరి.

కనకరత్నానికి బిచ్కుంద రోడ్డు మీద పాత గోదాము జాగా ఉంది. ఒకరోజు ఆమె వచ్చి అతని ముందు కూర్చుంది.

"కింద రెండంతస్తులు ఆఫీసులు, మీద ఇండ్లు కావాలె అన్నా. ఆఫీసుల కిరాయి గట్టిగనే తీసుకుంట. ఇండ్లది మాత్రం బీడీలు చేసేటోళ్లు కట్టేటట్టుండాలె."

"రెండు తీర్ల మనుషులు ఒక్క బిల్డింగుల ఇమడరక్కా."

"ఇమిడేటట్టు గియ్యి. గందుకే నీ దగ్గరికొచ్చిన."

ఆ మాట అతనికి నచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఇష్టంగా పనిచేశాడు. పైన ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు బీడీల చాటలు పెట్టుకుని కూర్చునేంత వరండా ఇచ్చాడు. ఆఫీసులకు ముందువైపు వెడల్పాటి మెట్లు, ఇళ్లవాళ్లకు వెనకవైపు ఇరుకు మెట్లు పెట్టాడు. పై అంతస్తులో వరండాకూ ముందు మెట్లకూ మధ్య ఒక తలుపు ఉంది. మొదట ఆఫీసు తీసుకున్న లాయరు రాజేంద్రప్రసాద్ దానికి తాళం వేయమన్నాడు.

"క్లయింట్లు వచ్చే జాగ. తునికాకు వాసనొస్తే బాగుండది."

భానుప్రసాద్ తాళం వేయించి, తాళంచెవి లాయరుకే ఇచ్చాడు. కింద ఒక గది తన ఆఫీసుకూ తీసుకున్నాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పై అంతస్తులో ఉండే బాలమల్లు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కోడలు అంజమ్మ కేకలకు భానుప్రసాద్ పైకి పరుగెత్తాడు. పక్కింటివాళ్లతో కలిసి ముసలాయన్ని మంచంతో సహా ఎత్తి వెనక మెట్లు దిగసాగాడు. మలుపు దగ్గర మంచం ఇరుక్కుంది. కిందికీ పోదు, పైకీ రాదు.

బాలమల్లుకు స్పృహ బాగానే ఉంది.

"గీ మెట్లు ఎవడు గీసిండు?"

"నేనే," అన్నాడు కింది కొసన భుజం పెట్టిన భానుప్రసాద్.

"నువ్వు ఎన్నడన్న మంచంల పండుకున్నవా?"

భానుప్రసాద్ మంచాన్ని ఇంకోవైపు వంచి చూశాడు. కదల్లేదు.

"ఇగ నన్ను మడతపెట్టుండ్రి," అన్నాడు ముసలాయన.

ముందే కిందికి దిగిన అంజమ్మ పై తలుపు తాళం కోసం లాయరు దగ్గరికి ఉరికింది. అతను క్లయింటును కూర్చోబెట్టి, తాళంచెవి తీసుకుని తనే వచ్చాడు. ఎలాగో మంచాన్ని వెనక్కి లాగి, తలుపు తెరిచి, ముందు మెట్ల మీదుగా దించారు. మనుషులు చాలక లాయరు కూడా ఒక కోడు పట్టాడు. నల్లకోటుకు తునికాకు పొడి అంటింది. దులుపుకోలేదు, చెయ్యి ఖాళీ లేదు.

తను గీసిన గీత తన భుజం మీదే బరువై ఆగడం భానుప్రసాద్‌కు అదే మొదటిసారి. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచి తలుపు ఊడదీయించాడు. మర్నాడు కనకరత్నం వచ్చింది.

"తలుపేదన్నా?"

"తీసేసిన అక్కా. తప్పు నాదే."

"లాయర్ సాబ్ ఏమన్నడు?"

"ఏమనలే. అగరొత్తులు ముట్టిస్తుండు."

బాలమల్లుకు నిజామాబాద్‌లో ఆపరేషన్ అయింది. తిరిగొచ్చాక చేతికర్ర పట్టుకుని ముందు మెట్లే దిగి, లాయరు ఆఫీసు బయట బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు ఆయనదేదో పాత కేసు అనుకుంటారు. లాయరు మొదట్లో కాదని చెప్పేవాడు, తర్వాత మానేశాడు.

మరుసటి ఏడాది మద్నూర్ నుంచి ఒక వ్యాపారి వచ్చి బిల్డింగంతా తిరిగి చూశాడు. అలాంటిదే కావాలన్నాడు, కానీ ఇళ్లవాళ్లకు దారి వెనకనుంచి ఉండాలన్నాడు.

"అందరికీ ఒక్కటే దారి గీస్త," అన్నాడు భానుప్రసాద్.

"మా దగ్గర గట్ల నడవది."

"అయితే నేను గియ్యలేను సేటు."

వ్యాపారి వేరే ఇంజనీరును చూసుకున్నాడు. భానుప్రసాద్ కొన్నాళ్లు బాధపడ్డాడు. పెద్ద బిల్డింగు అది.