రూతు వేళ్ళకు తెలిసిన తెలుగు

టైపు మిషన్ మీద 'ఘ' ఏ మూల ఉంటుందని ఎవరన్నా అడిగితే రూతు నోరు వెళ్ళబెట్టేది. నిజంగానే ఆమెకు తెలీదు. అదే మిషన్ ముందు కూర్చోబెట్టి 'ఘటన' అని చెప్పి చూడండి, మీరు నోరు మూసేలోగా కాయితం మీద పడి ఉంటుంది. కొందరికి విద్య తలకాయలో ఉంటుంది. రూతుకు వేళ్ళల్లో ఉండేది.

ఆ వేళ్ళకు చదువు చెప్పింది నంద్యాలలో యాకోబు సార్. రూతుది చాగలమర్రి. నాయన రోడ్డు పక్కన పంచర్లు వేసేవాడు. పదో తరగతిలో అన్నీ గట్టెక్కి ఒక్క ఇంగ్లీషు తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి రాసేందుకు సిగ్గేసి, తొంభై మూడులో యాకోబు సార్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయర్ పరీక్షకు చేరింది. రెండు గదులు, తొమ్మిది మిషన్లు. సార్ భుజాన ఎప్పుడూ ఒక గళ్ళ తువ్వాల ఉండేది. ఎవరన్నా మీటలు చూసి కొడతాంటే చప్పుడు కాకుండా వెనక నుంచి వచ్చి, ఆ తువ్వాల వాళ్ళ చేతుల మీద పరిచేవాడు.

"ఇప్పుడు కొట్టు. కండ్లు కాయితానికి, వేళ్ళు మీటలకు. దేని పని దానిది."

పిల్లలు ఇంటికి పోయేటప్పుడు ప్రతి ఒక్కరినీ ఒకటే మాట అడిగేవాడు, "స్పీడెంత?" అని. బాగుందనే మాట ఆయన నోట రాగా విన్నవాళ్ళు లేరు.

లోయరు, హయ్యరు రెండూ పాసై, రూతు ఆళ్ళగడ్డలో మండలాఫీసు ముందు రేకుల పంచన అద్దె మిషన్ పెట్టుకుని అర్జీలు కొట్టింది. తొంభై తొమ్మిదిలో అదే ఊళ్ళో అడవి సరుకుల సంఘంలో టైపిస్టుగా చేరింది. అహోబిలం చుట్టుపక్కల చెంచుగూడేలవాళ్ళు తెచ్చే తేనె, కుంకుళ్ళు, చీపుర్లు అమ్మిపెట్టే సంఘం అది. కార్యదర్శి జయలక్ష్మమ్మ. మనిషి మంచిదే, మాట మటుకు కొడవలి.

రెండు వేల ఆరులో సంఘానికి ఎవరో దాతలు ఒక కంప్యూటర్ ఇచ్చారు. అప్పటికి టైపు మిషన్‌కు రిబ్బన్లు దొరకడం మానేసి ఏడాదైంది. కంప్యూటర్‌లో డబ్బు పెట్టకుండా దొరికే లినక్స్ వేసి పెట్టింది కరుణాకర్ అని, నంద్యాల పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే సారు. ఆదివారాలు బస్సెక్కి వచ్చేవాడు.

"ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. తేలిక" అన్నాడు ఆయన.

తేలికట. ఇంగ్లీషు తేలికైతే ఈ పిల్ల రెండుసార్లు తప్పేదా? 'తేనె' అని కొట్టాలంటే ముందు దాన్ని ఇంగ్లీషులోకి దింపి, మళ్ళీ తెలుగులోకి ఎక్కించాలి. అరగంటకు నాలుగు వరుసలు. అది కాదని కరుణాకర్ ఇంకో పద్ధతి పెట్టాడు. అందులో తెలుగు మీటలే ఉన్నాయి గానీ ఉన్న చోట్లు వేరు. పైగా ముందు అక్షరం, తర్వాత గుడో కొమ్మో కొట్టాలి. రూతు వేళ్ళ అలవాటు దానికి తిరకాసు. పాత మిషన్‌లో గుడి మీట కొడితే కాయితం మోసే బండి కదలదు, గుర్తు మాత్రం పడుతుంది. దాని మీద అక్షరం కొడితేనే ముందుకు జరుగుతుంది. గుణింతం ముందు, అక్షరం వెనక. పదమూడేళ్ళ అలవాటు ఒక వారంలో పోతుందా? గుడి కొట్టగానే తెర మీద అక్షరం లేని గుర్తు, దాని పక్కన చుక్కలతో గీసిన ఒక సున్నా. పేజీ నిండా చుక్కల సున్నాలే.

జయలక్ష్మమ్మ వచ్చి తెర చూసింది. "ఏందమ్మే ఇది, ముగ్గు పెడ్తాండావా?"

"నేర్చుకుంటాండానక్కా."

"నెలాఖరు దాకా చూస్తా. తేనె తెచ్చే బాలమ్మ వాళ్ళ గూడెం అర్జీ ఒకటుంది, అది నువ్వు కొడితే సరి. లేదంటే టైపు పని నంద్యాల డీటీపీ షాపుకిచ్చేస్తా. అప్పుడు నీకు ఈడ పనుండదు. మనసులో ఒకటి పెట్టుకుని బయటొకటి చెప్పడం నాకు రాదు."

ఆ రోజు రూతుకు అన్నం దిగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి, చేతిలో ఉన్నది ఆ ఒక్క విద్య. అది గూడా మిషన్‌తో పాటే పాతదైపోయిందంటే ఏం చెయ్యాల?

తర్వాతి ఆదివారం కరుణాకర్ ఆమె మొహం చూసి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "చూడమ్మా, ఏ మీటకు ఏ అక్షరమో ఈ యంత్రానికి పుట్టుకతో తెలీదు. ఎవరో ఒక ఫైల్లో రాసి పెట్టింటారు. ఎడమ పక్క మీట, కుడి పక్క అక్షరం. ఆ రాసినోళ్ళూ మనుషులే. నీ పాత మిషన్ పద్ధతి రాసియ్యి, అదీ ఎక్కిస్తా."

"నా వేళ్ళ ప్రకారం యంత్రం నడుస్తుందా సార్?"

"రాసిస్తే నడుస్తుంది."

రూతు కాయితం తీసుకుని కూర్చుంది. అక్కడొచ్చింది చిక్కు. ఏ మీట ఎక్కడో చెప్పమంటే తల చెప్పదు, వేళ్ళు చెప్తాయి గానీ చూస్తే అవీ తడబడతాయి. సంఘం మిషన్ను జయలక్ష్మమ్మ ఎప్పుడో పాత ఇనుముకు వేసింది. సోమవారం సెలవు పెట్టి రూతు నంద్యాల బస్సెక్కింది.

ఇన్‌స్టిట్యూట్ ఉన్న చోట సెల్‌ఫోన్ల షాపుంది. యాకోబు సార్ చర్చి వెనక సందులో ఉంటున్నాడు. తువ్వాల భుజం మీదే ఉంది, గళ్ళు వెలిసిపోయాయి. ఇన్‌స్టిట్యూట్‌లో గోడకు ఉండే మీటల పటం కోసం వచ్చానంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చెదలు తినె. మిషన్లు కేజీల లెక్కన పాయ. నేను నేర్పిందీ దాంతోనే పాయ అనుకుంటి." తువ్వాలతో మొహం తుడుచుకుని, "ఇంతకీ పటం ఏంటికి?" అన్నాడు.

రూతు సంగతంతా చెప్పింది. సార్ లేచాడు. మేజా మీది గిన్నెలు తీసేసి, సుద్దముక్కతో నాలుగు వరుసల గళ్ళు గీశాడు. రూతును కూర్చోబెట్టి, తువ్వాల తీసి ఈసారి చేతులకు కాదు, ఆమె కండ్లకు కట్టాడు.

"ఘ" అన్నాడు.

వేలు పోయి ఒక గడిలో వాలింది. సార్ అక్కడ సుద్దతో రాశాడు.

"కొమ్ము." ఇంకో వేలు వాలింది. "ఎత్వం. ళ. క్ష." రూతు ఆలోచించలేదు, ఆలోచిస్తే పోతుందని భయం. 'ఞ' దగ్గర మాత్రం వేలు గాల్లో ఆగిపోయింది. విజ్ఞప్తిలో ఒత్తుగా తప్ప ఏ అర్జీలో వస్తుంది అది? "దీన్ని నువ్వెన్నడూ సరిగ్గా కొట్టింది లేదు" అని సార్ తన వేలితో తానే ఆ గడి చూపించాడు. గంటలో మేజా నిండింది. కండ్లకు కట్టింది విప్పుకుని చూస్తే రూతుకు ఏడుపొచ్చింది. తనకు తెలీదనుకున్నదంతా అక్కడ తెల్లగా రాసుంది.

ఆళ్ళగడ్డకు వచ్చి ఫైలు మొదలుపెట్టింది. అక్షరాల పట్టికలోంచి మౌస్‌తో ఒక్కోటి నొక్కి తెచ్చి, దాని పక్కన ఏ మీట ముందో ఏది వెనకో రాయడం. ఒక్కో అక్షరానికి పన్నెండు గుణింతాలు. ముప్పై అయిదు అక్షరాలకు ఎన్నవుతాయో మీరే వేసుకోండి. ఒత్తులు అదనం. పన్నెండు రోజులు పట్టింది. జయలక్ష్మమ్మ వస్తూ పోతూ చూసేది, ఏమీ అనేది కాదు. అదే ఎక్కువ భయంగా ఉండేది.

ఆదివారం కరుణాకర్ ఆ ఫైలు ఎక్కించి కుర్చీ ఇచ్చాడు. రూతు గుడి మీట కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. వేలు దాని పాటికది పోయి 'క' కొట్టింది. అప్పుడు పడింది, 'కి', నిండుగా, చుక్కల సున్నా లేకుండా. గుణింతం కొడితే కదలకుండా అక్షరం కోసం కాచుకునుండె యంత్రం. అచ్చం పాత మిషన్ తంతే.

నెలాఖరు రోజు జయలక్ష్మమ్మ, బాలమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. అరవై దాటిన చెంచు మనిషి, చెప్పేది నడుమ ఆపదు. వాళ్ళు కూర్చోగానే కరెంటు పోయింది. వచ్చాక రూతు గబగబా యంత్రాన్ని లేపి ఫైలు తెరిస్తే వరుసల నిండా ప్రశ్నార్థకాలు. గుణింతం లేదు, అక్షరం లేదు.

"అయిపాయ" అంది జయలక్ష్మమ్మ.

రూతు తెర దగ్గరకు వంగింది. కరుణాకర్ చెప్పిన మాట గుర్తుకొచ్చింది. లోపలికి పోయేటప్పుడు, అంటే లాగిన్ అయ్యేటప్పుడు, యంత్రం నీది ఏ భాష, ఏ దేశమని అడుగుతుంది, దాన్నే లొకేల్ అంటారు, చెప్పకుంటే దానికి మన అక్షరాలు అక్షరాలే కావు అని. హడావుడిలో చెప్పకుండా వచ్చేసింది. బయటికొచ్చి, భాషల పట్టీలో 'తెలుగు, ఇండియా' ఎంచుకుని మళ్ళీ లోపలికి పోయింది. ప్రశ్నలన్నీ పోయి అక్షరాలు నిలబడ్డాయి.

"చెప్పవ్వా" అంది.

"నేను చెప్పింది చెప్పినట్టు రాయల్ల. పోయినసారి కొట్టించిన కాయితంలో నా మాట యాడా లే" అంది బాలమ్మ, చెప్పడం మొదలుపెట్టింది. గూడెంలో బోరింగు లేదు, వాగులో ఎండాకాలం చెలమ తవ్వితే బిందె నిండేందుకు పొద్దు వంగుతుంది, కోడళ్ళ నడుములు ఇరుగుతాండాయి. రూతు మీటలు చూడలేదు. బాలమ్మ మొహం చూస్తా కొట్టింది. ఆమె ఆగిన చోట ఆగింది. అయ్యాక చదివి వినిపిస్తే, బాలమ్మ చీర కొంగుతో కండ్లు తుడుచుకుని, "నేనే చెప్పినట్టుంది" అంది.

జయలక్ష్మమ్మ కాయితం తీసుకుని రెండుసార్లు చదివింది. "నంద్యాల షాపోనికి పని లేదని చెప్తా" అని లేచింది. వాకిట్లో ఆగి, "అన్నం తిన్యావా?" అంది. ఆమె నోట అంతకు మించి ఆశిస్తే మనదే తప్పు.

నంద్యాలలో ఇంకా నలుగురు పాత టైపిస్టులకు ఆ ఫైలు కావాలని కరుణాకర్ అడిగాడు. దానికో పేరు పెట్టాలన్నాడు. రూతు ఆలోచించను కూడా లేదు.

దసరా ముందర యాకోబు సార్ ఆళ్ళగడ్డకు వచ్చాడు. రూతు మీటల పద్ధతుల పట్టీ తెరిచి చూపించింది. తెలుగు కింద వరుసగా పద్ధతుల పేర్లు, అన్నిటికన్నా చివర 'యాకోబు'. సార్ కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాల తీసి రూతు చేతుల మీద పరిచాడు.

"స్పీడెంత?"

"నిమిషానికి నలభై మాటలు సార్."

"నలభై అయిదు రావల్ల. కొట్టు."