లిఫ్టు కింద చెయ్యి

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో క్రేన్లు తనిఖీ చేసి రిటైరైన మా బాబాయికి ఏ యంత్రం మీదా నమ్మకం లేదు. నేల మీద పడుకుని మోటారు సైకిలు బాగుచేసుకుంటుంటే నడుము పట్టేస్తోందని, బండిని పైకెత్తే లిఫ్టు కొనమని పిన్ని పోరింది. ఆవిడా ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ పని చేసింది.

బాబాయి నాలుగు దుకాణాలు తిరిగాడు. ఎంత బరువు మోస్తుంది? లాకు జారితే? రెండో లాకూ జారితే?

"లిఫ్టు కొంటున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా సార్?" అని దుకాణదారు విసుక్కున్నాడు.

చివరికి రెండు లాకులున్న లిఫ్టు ఇంటికొచ్చింది. బండిని ఎక్కించి పైకెత్తాడు. లాకులు టక్కున పడ్డాయి. అయినా కింద చెయ్యి పెట్టడానికి ధైర్యం చాలలేదు. దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఐదోసారికి చొక్కా తడిసి ముద్దయింది.

పిన్ని గుడ్డముక్క తెచ్చి, బండి అడుగున చెయ్యి పెట్టి నూనె తుడవసాగింది. బాబాయి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"చెయ్యి తియ్యవే!"

"మీరు సంతకం పెట్టిన క్రేన్ల కిందే కదండీ, ఇరవై ఏళ్ళు పని చేశాను. ఒక్కరోజైనా తలెత్తి పైకి చూశానా?"

"నువ్వు చూడకపోబట్టే కదే, నీ వంతు కూడా నేనే చూసి చూసి నాకీ భయం పట్టుకుంది!"