బావ బోటు పాట

బావ పోయిన కబురు నాకు నడిసముద్రంలో తెలిసింది. వైర్లెస్‌లో పక్క బోటు డ్రైవరు గొంతు వినిపించింది. "మీ బావ ఎల్లిపోనాడు. మీ అక్క కబురెట్టింది. బోటు తిప్పేయ్ అన్నా."

నేను నోరు తెరిచేలోపే, ఆ కబురు విన్న బోట్లన్నీ పాటలు ఆపేశాయి. చుట్టూ ఇంజన్ల చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. అక్క మొగుడు పోయాడన్న దుఃఖంలో కూడా నాకొక పాడు ఆలోచన వచ్చింది. నేను పోయిన రోజున ఎన్ని బోట్లలో పాట ఆగుతుంది?

పోయినాయన్ని తలుచుకునే చోట రాయాల్సిన మాట కాదని తెలుసు. కానీ నా కుళ్ళు దాచుకుని రాస్తే, ఆయన మీకు సగమే తెలుస్తాడు.

తొంభైల మొదట్లో మా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పాటల సెట్టున్న మరబోట్లు బహు తక్కువ. బావ మాత్రం ఎవరో తీసేసిన కారు టేప్‌రికార్డరు ఒకటి, జాతరల్లో స్తంభాలకి కట్టే రేకు మైకు ఒకటి సంపాదించి తన బోటుకి బిగించాడు. వైర్ల కొసలకి గ్రీజు రాసేవాడు. క్యాసెట్లని బియ్యం పోసిన డబ్బాలో దాచేవాడు, చెమ్మ పట్టకుండా. రేవుకి రాగానే ముందు ఆ మైకుని మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, తరవాతే తన మొహం కడుక్కునేవాడు.

ఆయన బోటు, అలలకి అడ్డంగా రేవు ముందు వేసిన రాళ్ళగోడ మలుపు తిరక్కముందే పాట జెట్టీకి వచ్చేసేది. చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు సర్దుకుని లేచేవారు. పాటగాళ్ళ చుట్టూ జనం మూగినట్టు, వేలం పాడేవాళ్ళు ఆయన ఆగే చోట మూగేవారు. మా అమ్మ కూడా అక్కడే ఉండేది. "మా అల్లుడొత్తన్నాడు" అని పక్కనున్నవాళ్ళకి చెప్పేది. అప్పటికే నా బోటు తాడు కట్టేసి ఉండేది. ఆ తాడు కట్టిందీ ఆవిడ కొడుకే. నా రొయ్యలూ ఆయన రొయ్యలూ ఒక్క నీళ్ళలోవే. అయినా నావి చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక చెవి అటే వేసుండేవారు. మంచి కళాసీలు కూడా ఆయన బోటే అడిగేవారు. "ఆ బోటులో పాటుంటాది, వల లాగినట్టే ఉండదు" అని నా మొహం మీదే అన్నారు.

దాంతో నేనూ సెట్టు కొనడానికి బయల్దేరాను. అక్క చెప్పిందని బావని కూడా వన్ టౌన్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఒక కొట్లో విదేశీ సెట్టు ఒకటుంది. తెల్లగా, గుండ్రంగా, ప్రత్యేకంగా పడవల కోసమే చేసింది. కొట్టాయన దాని మీద గ్లాసుడు నీళ్ళు పోసి చూపించాడు. పాట ఆగలేదు. ఖరీదు చూస్తే ఒక కొత్త వల వస్తుంది.

బావ చాలాసేపు విన్నాడు. "నీల్లు పడినా పాడవదు, నిజవే. కానీ ఇది సరదాకి తెరచాప ఏసుకుని కాళ్ళు బారజాపుకున్నోడి సెట్టు బావా. మన ఇంజను గోల ముందు దీని గొంతేటి ఇనపడతాది? ఇంట్లో ఎట్టుకునే పెద్ద పెట్టెలు కూడా వద్దు, ఉప్పుగాలికి లోపలి కాగితం అప్పడంలా మెత్తబడిపోద్ది. రేకు మైకు తీసుకో, సవగ్గా వత్తాది."

రేకు మైకు తీసుకుంటే నేను ఆయన వెనకాల నడిచినట్టవుతుంది. తెల్ల సెట్టే కొన్నాను.

అది ఎన్నేళ్ళయినా చెడిపోలేదు. కేబిన్ దాటి వినపడనూ లేదు. వలలాగే కళాసీలకి అదుందనే తెలిసేది కాదు. బావ ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. వానాకాలంలో ఆయన మైకు మూగబోతే, నా కేబిన్‌లోకి వచ్చి కూచుని, "లోపల కూకుంటే ఈ గొంతు బాగుంటాది బావా" అనేవాడు. ఎత్తిపొడిచినా బాగుండేది.

ఒక మాఘమాసం పొద్దున్న మంచు దిగింది. యారాడ కొండ కనపడలేదు, లైట్‌హౌసు దీపం కనపడలేదు. ఎక్కడో దగ్గర్లో లంగరేసిన ఓడలున్నాయి, ముందు రాళ్ళగోడ ఉంది. మా బోట్లన్నీ బయటే చిక్కుకున్నాయి. బావ ఆ రోజు రేవులోనే ఉన్నాడు. తన రేకు మైకు ఊడదీసి, గుళ్ళో మాట్లాడే సెట్టు అడిగి తెచ్చి దానికి తగిలించి, బ్యాటరీ మోయించుకుని, రాళ్ళగోడ చివరికి వెళ్ళాడు. ఇంజను చప్పుడుని బట్టి ఏ బోటు ఎవరిదో పోల్చుకుని, ఒక్కొక్క డ్రైవరునీ పేరు పెట్టి పిలిచాడు. "నెమ్మదిగా రా. రాళ్ళు నీ ఎడం పక్కనున్నాయ్. నా గొంతు మీదకి రా."

అందర్నీ పిలిచాడు. నన్ను పిలవలేదు. నా కళాసీలు నా వంక చూశారు. చివరికి, అందరూ లోపలికి చేరాక, నా పేరు వినపడింది.

తాడు కట్టేసి నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాను. "నా బోటు నీకు ఇనపడనేదా బావా?"

"అందరికంటే ముందే ఇనపడింది. నీకు దారి తెలుసు కదా. తెలీనోల్లని ముందు పిలిసినాను."

నిజానికి నాకా పొద్దున్న దారి తెలియలేదు. ఇంకొకళ్ళని పిలుస్తున్న ఆయన గొంతు పట్టుకునే రాళ్ళకి దూరంగా నిలబడగలిగాను. ఆ సంగతి ఆయనతో అనలేదు. నా జన్మలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. రేవంతా ఆ మాట చెప్పుకుంది, కానీ బావ ఎంత పెద్దమనసుతో అన్నాడో అనే చెప్పుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక సీడీలొచ్చాయి, రంగురంగుల లైట్లతో పెట్టెలొచ్చాయి. అప్పటికి బావకి చెవులు పోయాయి. ఒక పక్క ఇంజను, ఒక పక్క మైకు, అన్నేళ్ళు. అయినా కుర్ర ఓనర్లు సెట్టు కొనాలంటే ఆయన్నే బండెక్కించుకుని వెళ్ళేవారు. పాట గట్టిగా పెట్టమని, పెట్టె మీద ఒక చెయ్యి, పెట్టె ముందు గాలిలో ఒక చెయ్యి ఉంచేవాడు. "పెట్టె అదిరితే డబ్బులు దండగే. గాలి అదరాల" అనేవాడు. చెవులు రెండూ బాగా పనిచేస్తున్న నన్ను ఒక్కడూ పిలవలేదు. చెవిటివాడి చేతికున్న పేరు నా చెవులకి రాలేదు.

మొన్నమొన్న, ఆయన మంచం పట్టాక, నా మనవరాలిని తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. ఆ పిల్లకి నాలుగేళ్ళు. బళ్ళో పాట నేర్చుకుందని ఇంట్లో అందరూ అంటారు గానీ, నేనడిగితే మామ్మ కొంగు వెనక దాక్కుంటుంది. అక్కతో మాట్లాడి లోపలికి వచ్చేసరికి అది ఆయన మంచం పట్టె మీద, ఆయనకి వీపు పెట్టి కూచుని ఉంది. బావ కళ్ళు మూసుకుని, అరచెయ్యి దాని వీపుకి ఆనించి ఉంచాడు. పిల్ల గొంతెత్తి పాడుతోంది. మధ్యలో మరిచిపోయి ఆగితే, వేలితో చిన్నగా తట్టాడు. మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.

నాకు పాడని పాట. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నన్ను వాళ్ళిద్దరూ చూడలేదు. అది పాడుతూనే ఉంది, ఆ చిన్న గౌను మీద ఆయన బొటనవేలు తాళం వేస్తూనే ఉంది.