మూడు సెకన్ల అవును

మా నాన్న ఒక అచ్చాఫీసులో ముప్పై నాలుగేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. కళ్లలో ఒత్తులు వేసుకుని ఒత్తులు వెతికే మనిషి కాబట్టి అక్కడ ఆయన పేరు ఒత్తుల మాస్టారు. ఏ వాక్యమైనా రెండుసార్లు చదవనిదే కలం ఆనించడు. మాట్లాడటమూ అంతే. కూర ఎలా ఉందని అమ్మ అడిగితే, జవాబు వచ్చేసరికి గిన్నెలు కడగడం కూడా అయిపోయేది.

రెండు నెలల కిందట గొంతుకు ఆపరేషన్ అయి ఆయనకు మాట పోయింది. ఫోన్లకు యాప్‌లు తయారుచేయడం నా ఉద్యోగం. టైపు చేసింది పైకి చదివి వినిపించే యాప్ ఒకటి ఆయన కోసం తయారుచేశాను. అందులో రెండు కీబోర్డులు. ఒకదాంట్లో అక్షరాలు, రెండోదాంట్లో అవును, సరే, నీళ్లు, నొప్పి లాంటి, నొక్కగానే పలికే మాటలు. మూడు సెకన్లు వేలు కదలకపోతే, పాపం అక్షరాలు దొరకడం లేదేమోనని, మాటల కీబోర్డు దానంతటదే వచ్చేలా పెట్టాను. ఎంత తెలివోనని నా భుజాలు నేనే చరుచుకున్నాను.

ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా అచ్చాఫీసు యజమాని నాన్నను చూడటానికి వచ్చాడు.

"మాస్టారూ, ఇంక రెస్టు తీసుకుంటారా? వేరే మనిషిని చూసుకోమంటారా?" అని నసుగుతూ అడిగాడు.

నాన్న ఒక మాట టైపు చేసి ఆగాడు. ఆలోచించి మళ్లీ వేలు పెట్టేలోపు కీబోర్డు మారిపోయి, అక్షరం మీద పడాల్సిన వేలు మాట మీద పడింది. "అవును" అంది ఫోను, ఇల్లంతా వినపడేలా. యజమాని బరువు దిగినట్టు నమస్కారం పెట్టి లేచాడు. కాదు కాదని నాన్న చెయ్యి ఊపితే, సాగనంపుతున్నాడనుకుని తనూ ఊపి వెళ్లిపోయాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి నాన్న ముఖం మాడిపోయి ఉంది.

"పని మానేస్తానన్నారు, నాతో ఒక్క మాటైనా అనకుండా!" అంది అమ్మ.

నాన్న ఫోను అందుకుని టైపు చేస్తూ ఆగాడు. మళ్లీ వేలు పెట్టాడు. "నొప్పి" అంది ఫోను. "ఎక్కడండీ?" అంటూ అమ్మ కంగారుగా లేచింది. జరిగిందేమిటో నాకప్పుడు అర్థమైంది.

"కాగితం మీద రాసిచ్చెయ్ నాన్నా, నేను వెళ్లి ఇచ్చొస్తా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, ఫోను నా చేతిలో పెట్టాడు. అన్నది అదే కాబట్టి దిద్దుకోవాల్సింది కూడా అదేనన్నమాట. ఆ మూడు సెకన్ల లెక్క చెరిపేసి, కింద మూలన ఒక మీట పెట్టాను. ఆయన నొక్కితేనే కీబోర్డు మారుతుంది.

మర్నాడు ఇద్దరం అచ్చాఫీసుకు వెళ్లాం. యజమాని బల్ల ముందు కూర్చుని నాన్న టైపు చేశాడు, ఆగాడు, మళ్లీ చేశాడు. కీబోర్డు కదల్లేదు. యజమాని రెండుసార్లు గడియారం చూశాడు. నేనే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఎలాగో ఊరుకున్నాను. చివరికి ఫోను పలికింది.

"నిన్నటి అవును నాది కాదు. మా అమ్మాయిది. ప్రూఫులు నేనే దిద్దుతాను."

నాకు తల కొట్టేసినట్టయింది. యజమాని నా వంక ఓసారి చూసి, ప్రూఫుల కట్ట తెచ్చి నాన్న ముందు పెట్టాడు. నాన్న దాన్ని ముట్టుకోలేదు. ఇంకేదో టైపు చేస్తున్నాడు. ఆయన వేలు ఆగినప్పుడల్లా మేమిద్దరమూ ఆగాం.