రాజాత్తి ఎంచిన డాక్టరు

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా సరుకు చూసి పంపేది రాజాత్తే. పెట్టెను చెవి దగ్గర ఆడించిందంటే చాలు, పుల్లలు తక్కువైతే చప్పుడులోనే పట్టేస్తుంది. "అక్కా, నాదాంట్లో ఒక్క చెడ్డ పుల్లా లేదు" అన్నవాళ్ల సరుకే ముందు విప్పుతుంది. తొంభై ఎనిమిదిలో ఆమె మొగుడు రామచంద్రన్‌కి కడుపు లోపలి పొరలో అరుదైన కాన్సర్ బయటపడింది. విరుదునగర్‌లో ఉండే కూతురు కర్పగం మదురై సర్జన్లు ముగ్గురి పేర్లు రాసుకొచ్చింది. రాజాత్తి ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదు. ముగ్గురినీ ఒకటే మాట అడిగింది: "ఈ జబ్బుకి ఎంతమందిని కోసినారు సామీ? ఎంతమంది పోయినారు?" ఒకాయన విసుక్కున్నాడు. ఇంకొకాయన నవ్వి, "నా చేతిలో ఇంతవరకూ ఎవరూ పోలేదమ్మా" అన్నాడు. మూడో ఆయన కళ్లజోడు తీసి, వేళ్లమీద లెక్కేసి, "పదకొండు మందిని. ఇద్దరు దక్కలేదు" అన్నాడు, ఆ ఇద్దరిదీ ఏ ఊరో కూడా చెప్పాడు.

"ఈయనే" అంది రాజాత్తి.

కర్పగం బిత్తరపోయింది. "ఇద్దరు పోయినారంటే వినపళ్లేదా అమ్మా?"

"వినబట్టే గదా!"

ఇప్పుడు మధ్యాహ్నంపూట మొగుడు కొంచెం వంగి నడుస్తూ అన్నం క్యారియర్ తెస్తుంటే, ఫ్యాక్టరీ ఆడవాళ్లందరికీ వినబడేలా అంటుంది: "ఆ డాక్టరు లెక్కలో పన్నెండోది చూడండే, అదో, నడిచి వస్తా ఉండాది!"