ర్యాంకా, రైఫిలా

ఏలూరులో మా ఎయిర్ రైఫిల్ క్లబ్బులో పిల్లల్ని చేర్పించాలని ఆ ఏడాదంతా కాలేజీల చుట్టూ తిరిగాను. రైఫిల్‌ని క్లబ్బే ఇస్తుంది, పోటీ రుసుము సినిమా టికెట్టంత. అయినా వచ్చింది ఒక్కతే, కొల్లేటికోట నుంచి వచ్చి హాస్టల్లో ఇంటర్ చదువుతున్న అమ్మాయి. కొద్దివారాల్లోనే మా అందరికంటే బాగా గురిపెట్టింది.

పోటీకి పంపమంటే, చేపల చెరువు మీద పనిచేసే వాళ్ల నాన్నగారు, "ఆడపిల్లకి తుపాకీ ఏంటండీ?" అన్నారు.

"కాల్చేది కాగితాన్నేనండీ. ఒకసారి వచ్చి చూడండి."

ఆయన వచ్చారు, తనూ ఒక గుండు కాల్చి నవ్వుతూ ఒప్పుకున్నారు.

తీరా పోటీ జరిగే ఆదివారమే కాలేజీలో పరీక్ష పెట్టారు. బతిమాలితే ప్రిన్సిపాల్ గారు, "ర్యాంకు కావాలో, రైఫిల్ కావాలో తేల్చుకోమనండి" అన్నారు. అమ్మాయి పరీక్షకే వెళ్లింది. ఆ ఆదివారం పోటీలో కోపంతో నేను కాల్చిన ఒక్క గుండూ నడిమి చుక్కకు తగల్లేదు.