వట్టివేళ్లు ఎండిపోయాక

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. మా అక్క పోయిన తరువాత కూడా నమ్మలేదు. కమలాపురంలో ఆ వేసవి పగలు జరిగినది మాత్రం జరిగినట్టే రాస్తాను.

జ్వరంతో ఉన్న అక్కను మిషన్ బంగళాలో పడమటి గదికి చేర్చాం. దొరలు ఎండాకాలానికి కొండలకు పోయి ఉన్నారు. ఆ గది కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి ఉండేవి. వాటి మీద నీళ్లు చల్లుతూ ఉంటే, వడగాలి వాటిలోంచి దూరి కాస్త చల్లబడి లోపలికి వచ్చేది. గాలి వీచాలి, తడి ఆరకూడదు. రెంటిలో ఏది లేకపోయినా ఆ గది పొయ్యే.

అక్క తెల్లవారుజామున పోయింది. బావ ఓర్వకల్లు దగ్గర పల్లెలో బడిపంతులు. ముందురోజే తంతి ఇచ్చాం గాని, సాయంత్రం రైలుకు తప్ప రాలేడు. మా వైపు ఎండాకాలంలో శవాన్ని మధ్యాహ్నం దాటి ఉంచరు.

పొద్దెక్కేసరికి బావి అడుగంటింది. గాలి పూర్తిగా పడిపోయింది. ఈగలు రాకుండా ఎవరో ఎదురు తలుపు కూడా మూశారు. తడికలు ఎండి, ముట్టుకుంటే పుల్లల్లా విరిగాయి.

సంఘపెద్ద ఏసోబు గడప బయట నిలబడి అన్నాడు: "ఏమప్పా, గాలి యాడుండాది? నీళ్లూ అయిపాయె. ఇంగ ఎత్తుదాం."

"మట్టి కప్పినాక వచ్చి ఆయప్ప ఎవరి మొగం చూడాల?" అంది మా చిన్నమ్మ. "నువ్వు లోపలికొచ్చి చెప్పు ఆ మాట."

ఆయన లోపలికి వచ్చాడు. కండువా విప్పి భుజాల చుట్టూ కప్పుకున్నాడు.

"ఏందమ్మా ఇది? బయట గొర్రెలు సచ్చిపోతాండాయి, ఈడ కంబళి కావాల."

తడికలు తడిమి చూశాడు. నేల మీద చెయ్యి పెట్టాడు. మళ్లీ ఎత్తుదామని అనలేదు. తరువాత లోపలికి వచ్చినవాళ్లందరికీ అదే చలి తగిలింది. బయట వసారాలో నాపరాయి మీద కాలు పెట్టలేకపోయాం.

బావ సాయంత్రం వచ్చాడు. అక్క ముఖం మారలేదు. చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆయన లేచేసరికి మా అందరికీ చెమటలు పోస్తున్నాయి. చీకటి పడకముందే పాతిపెట్టాం.

మందపు గోడల వల్ల అన్నారు కొందరు. గోడలు ముందురోజూ అవే. ముందురోజు గాలి ఉంది, నీళ్లున్నాయి, నేనే ఆపకుండా చల్లాను. అయినా అక్క "ఒళ్లు కాలిపోతాందిరా, ఇంకొంచెం సల్లగా చెయ్యి" అని అడుగుతూనే ఉంది. నా చేత కాలేదు.

ఆమె పోయాక ఆ చల్లదనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఒక రోజు ముందు తెచ్చేవాడిని.